కిట్టీ తర్వాత కూడా నాన్సీకి బతుకుంది: ‘టిప్పింగ్ ది వెల్వెట్’

బ్రిటిష్ రచయిత్రి సారా వాటర్స్ తొలి నవల ఇది, 1998లో వచ్చింది. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లోని బ్లాసమ్ పుస్తకాల షాపులో పాత కాపీ దొరికితే కొని, మారతహళ్ళి బస్సుల్లో పోతూ వస్తూ చదివాను.

కథాకాలం 1880ల చివర. ఇంగ్లండ్‌లో విట్‌స్టబుల్ అనే సముద్రపుటూళ్ళో నాన్సీ వాళ్ళది ఆల్చిప్పలు వండిపెట్టే హోటలు. కాంటర్‌బరీ మ్యూజిక్ హాల్లో సూటు, టోపీతో మగవేషం కట్టి పాడే కిట్టీని చూసి మనసు పారేసుకుంటుంది. ఆడవేషం కట్టిన స్థానం నరసింహారావు సత్యభామకు నీరాజనాలు పట్టిన వాళ్ళం, వేషం మనకు కొత్త కాదు. ఇక్కడ వేషం తీసేశాకా ప్రేమ పోదు. కిట్టీ తన చెయ్యి ముద్దు పెట్టుకోబోతే, చేపల కంపు కొడుతుందేమోనని నాన్సీ ముడుచుకుపోతుంది. కిట్టీ మాత్రం మత్స్యకన్య వాసనలా ఉందంటుంది. అంత ముద్దొచ్చే సన్నివేశం నేనీమధ్య చదవలేదు.

తర్వాత లండన్ నుంచి అక్క ఆలిస్‌కు నాన్సీ, కిట్టీతో తన ప్రేమ సంగతి రాసేస్తుంది. చిన్నప్పట్నుంచి పక్కనే పడుకున్న అక్క. ఆమె జవాబు చదివి నాకు ఏడుపొచ్చింది. నాకూ అమ్మాయిలే ఇష్టమని చెప్పినప్పుడు మా అక్క కూడా “ఇంట్లో మాత్రం అనకే” అంది. అనంతపురమైనా విట్‌స్టబుల్ అయినా అక్కల భయం ఒకటే. అప్పటి ఇంగ్లండ్‌లో 1885 చట్టం స్వలింగ సంబంధాలకు మగవాళ్ళనే శిక్షించింది, ఆడవాళ్ళ ఊసెత్తలేదు. కిట్టీని వణికించేది పోలీసులు కాదు, నలుగురి నోళ్ళు. 2018లో సుప్రీంకోర్టు మనల్ని, ఇలాంటి సంబంధాలను నేరమన్న సెక్షన్ 377 నుంచి బయట పడేశాక కూడా మన ఇళ్ళల్లో మిగిలింది ఆ భయమే.

నాకు బాగా నచ్చిందేమంటే, కిట్టీ దగ్గర గుండె పగిలినా కథ ఆగదు. మగబట్టల్లో లండన్ వీధులు తిరిగి, నానా అగచాట్లు పడి, బెత్నల్ గ్రీన్‌లో పేదల కోసం పనిచేసే ఫ్లోరెన్స్ ఇంటికి చేరాకే తనకేం కావాలో నాన్సీకి తెలుస్తుంది. చివర్లో కిట్టీ మళ్ళీ ఎదురవుతుంది. అప్పుడు నాన్సీ ఏమంటుందో చెప్పను.

డయానా అనే డబ్బున్నావిడ ఇంట్లో నడిచే భాగం మాత్రం మరీ సాగదీసినట్టుంది. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది, హాల్లో కూర్చుని చదివే పుస్తకం కాదు. ఆ కాలపు లండన్ యాస మొదట్లో తడబెట్టినా, యాభై పేజీలు దాటితే అలవాటవుతుంది. ఇది నచ్చితే వాటర్స్‌దే ఇంకో నవల ‘ఫింగర్‌స్మిత్’ పట్టుకోండి, కథలో బిగువు దానికే ఎక్కువ.