గుజ్జు ఫ్యాక్టరీకి ప్యాకేజీ ఈటీపీ: జల్లెడ బాగుంది, ట్యాంకు చాలదు

చిత్తూరులో తోతాపురి మామిడి సీజన్ రెండు నెలలు, మహా అయితే మూడు. మిగతా ఏడాది మామిడి గుజ్జు లైను ఖాళీ. రోజుకు 50 వేల లీటర్ల మురుగునీటికని అమ్ముతున్న ఈ రెడీమేడ్ ఈటీపీని (మురుగునీటి శుద్ధి ప్లాంటును) ఆ లెక్కలోనే చూడాలి.

జల్లెడ మాత్రం చాలా బాగుంది. ముందు కడ్డీల తెర, వెనక 1 మి.మీ. తిరిగే జల్లెడ. తొక్క, పీచు అక్కడే ఆగిపోతాయి. గాలి ఊదే బ్లోయర్లు రెండు, ఒకటి ఆగితే ఇంకొకటి.

అసలు లోపం ఈక్వలైజేషన్ ట్యాంకు, అంటే వచ్చే నీళ్లన్నీ ముందుగా కలిసి సర్దుకునే తొట్టి. 15 వేల లీటర్లే పడుతుంది, ఏడు గంటల నీళ్లకే నిండిపోతుంది. గుజ్జు కడిగిన నీళ్లు పులిసి పీహెచ్ (7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం) 4 దగ్గరకు దిగుతాయి. షిఫ్టు చివర లైన్లను కాస్టిక్ సోడాతో కడగగానే 11 దాటుతుంది. ఈ రెండూ కలిసి సర్దుకోవాలంటే ఒక రోజు నీళ్లన్నా పట్టాలి. లేకపోతే కాస్టిక్ నేరుగా ఏరేషన్ ట్యాంకులోకి (గాలి ఊదుతూ బాక్టీరియాతో మురుగును తినిపించే చోటికి) పోయి ఆ బాక్టీరియాను చంపేస్తుంది. సున్నం వేస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్పేది పులుపుకే పనికొస్తుంది, కాస్టిక్‌కు కాదు. కాస్టిక్ నీళ్లకు 5 వేల లీటర్ల ట్యాంకు విడిగా పెట్టించి, రోజంతా కొంచెం కొంచెంగా పులుపు నీళ్లలో కలపాలి. సున్నం ఖర్చూ తగ్గుతుంది.

మాన్యువల్‌లో యూరియా, డీఏపీ ఊసే లేదు. ఇది క్షమించలేని తప్పు. మామిడి నీళ్లలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ. బాక్టీరియా సరిగా పెరగాలంటే బీఓడీ (మురుగును తినడానికి బాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ కొలత) 100 పాళ్లకు నత్రజని 5, భాస్వరం 1 ఉండాలి. 50 వేల లీటర్లలో బీఓడీ లీటరుకు 2000 మి.గ్రా. అనుకుంటే, నీళ్లలో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోకుండా, రోజుకు యూరియా 9 కిలోలు, డీఏపీ 5 కిలోలు. వేయకపోతే దారాల్లాంటి బాక్టీరియా పెరిగి స్లడ్జ్ (బాక్టీరియా బురద) అడుక్కు దిగదు. ఏరేషన్ ట్యాంకు నీళ్లను లీటరు కొలజాడీలో అరగంట పెట్టి చూడండి: స్లడ్జ్ 200–300 మి.లీ. దగ్గర నిలిస్తే మంచిది, 600 దాటితే క్లారిఫయర్ (స్లడ్జ్ అడుక్కు దిగే తొట్టి) పైనుంచి స్లడ్జ్ పొర్లిపోతుంది.

సీజన్‌కు మూడు వారాల ముందే నడుస్తున్న డెయిరీ ఈటీపీ నుంచి ఒక ట్యాంకరు స్లడ్జ్ తెచ్చి పోసుకోవాలి. కాయలు దిగాక మొదలుపెడితే సగం సీజన్ పచ్చి మురుగే బయటికి పోతుంది. పక్కన చెరువుంటే పశువులు తాగేది ఆ నీళ్లే. శుద్ధిచేసిన నీళ్లు తోటకు పెట్టాలన్నా బీఓడీ లీటరుకు 100 మి.గ్రా. దాటకూడదు.

కొనాలంటే 50 వేల లీటర్ల ఈక్వలైజేషన్ ట్యాంకు, విడి కాస్టిక్ ట్యాంకు, మందులు కొలిచి వేసే డోసింగ్ పంపులు ఆర్డరులోనే రాయించండి. సీజన్ అయ్యాక ఏరేషన్ ట్యాంకు ఖాళీ చేయకండి: అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ల రబ్బరు ఎండకు పగులుతుంది, మళ్లీ అన్నీ మార్చాల్సిందే.