4 జీబీ డబ్బా, 12 లక్షల ఫైళ్లు: వీఎఫ్‌ఎస్ క్యాష్ ప్రెషర్‌తో ఎనిమిదేళ్లు

మా బావకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. 2017లో ఇంట్లో మూలన పడున్న డెస్క్‌టాప్‌కి 4 టీబీ డిస్క్ తగిలించి, డెబియన్ 9 అనే లినక్స్ ఎక్కించి, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా పెట్టి ఆయనకు ఫోటోల సర్వర్ తయారుచేశాను. ర్యామ్ 4 జీబీ. ఇవాళ్టికీ అదే డబ్బా, అదే ర్యామ్. అందులోనే నెట్టుకురావడానికి లినక్స్‌కి గుండెకాయలాంటి కర్నెల్‌లో నేను తిప్పని మర లేదు. అన్నిటికన్నా ఎక్కువ తిప్పింది వీఎఫ్‌ఎస్ క్యాష్ ప్రెషర్ అనే సెట్టింగ్. మళ్లీ పనికొస్తాయని మెమరీలో దాచుకునేదే క్యాష్, అందులోని ఫైళ్ల వివరాలను కర్నెల్ ఎంత గట్టిగా వదిలించుకోవాలో ఇది చెబుతుంది. సర్వర్ నిదానంగా ఉందని ఎవరిని అడిగినా ముందు దాన్నే మార్చమంటారు కాబట్టి, ఇన్నేళ్ల వాడకం మీద నా లెక్క చెబుతాను.

ముందు మెమరీ ఎక్కడికి పోతుందో చూద్దాం. మనం ఒక ఫైల్‌ని తెరవక్కర్లేదు, ఫోల్డర్‌లో దాని సైజు, తేదీ చూసినా చాలు. కర్నెల్ దాని కోసం రెండు వస్తువులు మెమరీలో పెట్టుకుంటుంది. పేరుకీ ఫైల్‌కీ లంకె డెంట్రీ. ఓనర్, సైజు, డిస్క్ మీద ఎక్కడుందీ లాంటి వివరాలు ఇనోడ్. 64 బిట్ కర్నెల్‌లో డెంట్రీ 192 బైట్లు. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్‌లో ఇనోడ్ ఒక కేబీ దాటుతుంది, కర్నెల్ మెమరీ లెక్క చూపే స్లాబ్‌టాప్ కమాండ్‌లో నాకు దాదాపు 1.1 కేబీ. బావ దగ్గర 3 లక్షల ఫోటోలు, ఒక్కోదానికి మూడు సైజుల థంబ్‌నెయిళ్లు, మొత్తం 12 లక్షల ఫైళ్లు. అన్నిటినీ ఒకసారి తడిమితే డెంట్రీలకు 230 ఎంబీ, ఇనోడ్లకు 1.3 జీబీ. ఒక్క ఫోటో కూడా చదవకుండానే ఒకటిన్నర జీబీ!

మొదటి రెండేళ్లు నా తెలివితక్కువతనంతో గడిచాయి. ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా, పాత మెషీన్ కదా తేలిగ్గా ఉంటుందని 32 బిట్ డెబియన్ వేశాను. వారానికోసారి బావ ఫోన్: “ఏరా, మీ డబ్బా మళ్లీ పడుకుంది.” లాగ్ తెరిస్తే, మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాములను ఆపేసే ఓఓఎం కిల్లర్ సాంబాని చంపేసి ఉండేది. పక్కనే 2 జీబీ ఖాళీ అని కూడా రాసి ఉండేది. ఖాళీ ఉండగా చంపడమేంటని నాకు నెలల తరబడి అంతుపట్టలేదు. మామూలు 32 బిట్ కర్నెల్ తన సొంత సామాను, అంటే ఈ డెంట్రీలూ ఇనోడ్లూ, మొదటి 896 ఎంబీ లోపలే పెట్టుకోవాలి. దాన్ని లోమెమ్ అంటారు. ఆ పైన ఎంత ర్యామ్ ఉన్నా వీటికి పనికిరాదు. నా డబ్బాలో లోమెమ్ కిక్కిరిసిపోతుంటే మిగతా మూడు జీబీలు ఊరికే చూస్తూ కూర్చున్నాయన్నమాట.

2019లో 64 బిట్‌కి మారాను. తమాషా ఏంటంటే, మారగానే ఇవన్నీ లావెక్కాయి. అప్పటిదాకా 128 బైట్ల దగ్గరున్న డెంట్రీ 192 అయింది, ఇనోడ్ ఒకటిన్నర రెట్లు దాటింది. వాడకం పెరిగింది, చావులు ఆగాయి. ఆ 896 ఎంబీ గోడ లేదు కాబట్టి.

అయినా మెమరీ లెక్క చూపే ‘ఫ్రీ’ కమాండ్ కొట్టినప్పుడల్లా ఖాళీ 150 ఎంబీ అని కనబడుతుంటే నాకు టెన్షన్. క్యాష్ బాగా పెరిగిపోతోంది బావా అంటే ఆయన, “క్యాష్ పెరిగితే మంచిదేగా!” అన్నాడు. జోక్‌కి అన్నా అందులో సగం నిజమే. నేను మాత్రం వినలేదు. ప్రెషర్‌ని డీఫాల్ట్ 100 నుంచి 200 చేశాను, 500 చేశాను, చివరికి 1000.

ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. ఈ సెట్టింగ్ పరిమితి కాదు. 200 పెట్టినంత మాత్రాన ఒక్క బైటు కూడా అప్పటికప్పుడు ఖాళీ కాదు. మెమరీ అవసరం పడి కర్నెల్ వెతుక్కోవడం మొదలుపెట్టినప్పుడు, ఫైళ్ల డేటాతో పోలిస్తే డెంట్రీలనూ ఇనోడ్లనూ ఎంత గట్టిగా పీకాలో మాత్రమే అది చెబుతుంది. 200 దగ్గర కాస్త తేడా కనిపించింది. 1000 దగ్గర డబ్బా నీరసించింది. కర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది: 1000 పెడితే ఉన్నవాటికి పదిరెట్లు వస్తువుల కోసం వెతుకుతుందట, వెతికే ప్రతిసారీ తాళాలు (ఆ కాసేపు మిగతా పనుల్ని ఆపే లాక్‌లు) పట్టుకోవాలి. పైగా అప్పటి కర్నెల్‌లో ఇనోడ్‌ని పీకేస్తే దాన్ని పట్టుకుని ఉన్న ఫైల్ డేటా కూడా వెంటే పోయేది. ఇప్పుడే చూసిన ఫోటో మళ్లీ డిస్క్ నుంచి రావాలి. రెండో కొసన 0 పెట్టే ప్రయోగం మాత్రం వద్దు. అసలు వదలొద్దని చెప్పినట్టే, మళ్లీ ఓఓఎం కిల్లర్ చేతికి చిక్కుతారు.

రాత్రి రెండింటికి డ్రాప్ క్యాషెస్‌లో 3 రాసి క్యాష్‌ని ఖాళీ చేయించే క్రాన్ జాబ్ (వేళకు తనంతట తనే నడిచే పని) కూడా ఆరు నెలలు నడిపాను. పొద్దున్నే ఖాళీ మెమరీ చూస్తే ఎంత ముచ్చటగా ఉండేదో. కానీ స్టూడియో తెరవగానే మొదటి ఆల్బమ్ ఫోల్డర్ రావడానికి పది సెకన్లు. క్యాష్ పెరుగుదలని అదుపు చేయడానికి ఇది సాధనం కాదని అదే డాక్యుమెంటేషన్ చెబుతోంది, నేనే చదవలేదు. ఇంకో సంగతి, ఇది అన్నిసార్లూ అనుకున్నంత ఖాళీ చేయదు. 4 కేబీ పేజీలో డెంట్రీలు 21 పడతాయి. అపార్ట్‌మెంట్ కూల్చాలంటే 21 ఫ్లాట్లూ ఖాళీ కావాలి, ఒక్క కుటుంబం కదలనన్నా బిల్డింగ్ నిలబడే ఉంటుంది. వాడుకలో ఉన్న ఒక్క డెంట్రీ కోసం పేజీ మొత్తం అలాగే ఆగిపోతుంది.

మెషీన్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే బూట్ పారామీటర్‌తో, డెంట్రీలను వెతికే పట్టిక అయిన డెంట్రీ హ్యాష్ టేబుల్‌ని కూడా చిన్నది చేసి చూశాను. 4 జీబీ మెషీన్‌లో అది మొత్తం తీసుకునేదే 4 ఎంబీ. మూడు ఎంబీ మిగిలింది. మర్చిపోండి.

మరి నిజంగా పనిచేసిందేంటి? మొదటిది, రాత్రిపూట 12 లక్షల ఫైళ్లనూ తడిమేది ఎవరో పట్టుకోవడం. ఫైళ్లను పేరుతో వెతికే లొకేట్ కోసం నడిచే అప్‌డేట్‌డీబీ ఒకటి. మా స్టూడియోలో లొకేట్ అనే కమాండ్ ఉందని తెలిసిన ప్రాణి నేనొక్కడినే, నేనూ వాడను. దాని కాన్ఫిగరేషన్‌లో ఫోటోల ఫోల్డర్‌ని మినహాయించాను. డిస్క్ ఎంత నిండిందో రిపోర్ట్ పంపడానికి ఒక్కో ఫైల్‌నీ లెక్కేసే డీయూ కమాండ్‌తో నేనే రాసిన స్క్రిప్ట్ రెండో దొంగ. దాన్ని తీసేసి, డిస్క్ మొత్తం లెక్క మాత్రమే అడిగే డీఎఫ్ పెట్టాను.

రెండోది, డెలివరీ అయిపోయిన పెళ్లిళ్ల థంబ్‌నెయిళ్లని ఆల్బమ్‌కి ఒక జిప్ చొప్పున కట్టేయడం. ఒక ఆదివారం పని. 12 లక్షలు కాస్తా మూడున్నర లక్షలైంది. అన్నిటినీ తడిమినా ఇప్పుడు 450 ఎంబీ దాటదు. ఎనిమిదేళ్లలో నేను చేసిన అన్ని ట్యూనింగులూ కలిపినా ఈ ఆదివారంతో సరితూగవు.

మూడోది 2021లో డెబియన్ 11 వచ్చాక. అందులో ఒక్కో సర్వీస్ మెమరీకి విడిగా లెక్క పెట్టే సీగ్రూప్ రెండో వెర్షన్ డీఫాల్ట్ అయింది. బ్యాకప్ సర్వీస్‌కి మెమరీహై 400 ఎంబీ అని ఒక్క లైన్ రాశాను. డెంట్రీలు, ఇనోడ్లు ఎవరి వల్ల మెమరీలోకి వచ్చాయో వాళ్ల ఖాతాలోనే పడతాయి కాబట్టి బ్యాకప్ ఆ గీత దాటితే తన చెత్త తనే తీసుకోవాలి. స్టూడియో వాళ్ల క్యాష్ జోలికి దాదాపు రాదు. వీఎఫ్‌ఎస్ క్యాష్ ప్రెషర్ నుంచి నేను కోరుకున్నది నిజానికి ఇదే. మెమరీమ్యాక్స్‌ని మాత్రం తక్కువగా పెట్టకండి, అది గీత కాదు, గోడ. బ్యాకప్ మధ్యలోనే చస్తుంది.

మన భాషకు సంబంధించిన చిన్న విషయం ఒకటి. అప్పట్లో నేను వాడిన కర్నెల్‌లో 31 బైట్ల వరకు పేరు డెంట్రీ లోపలే ఇమిడిపోయేది, దాటితే విడిగా మెమరీ తీసుకోవాలి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి మూడు, పొల్లుకీ మూడు. ‘సుబ్రహ్మణ్యం’ అని రాస్తే 36. అంటే పెళ్లికొడుకు పేరుతోనే గీత దాటేశాం, పెళ్లికూతురి పేరింకా రాలేదు. బావ ప్రతి ఫైల్ పేరు ముందూ జంట పేర్లు తెలుగులో పెట్టేవాడు. ఒక్కోదానికి అదనంగా తక్కువలో తక్కువ 64 బైట్లు, 12 లక్షలకి 77 ఎంబీ. పేర్లు ఫోల్డర్‌కి ఉంచి ఫైళ్లకి నంబర్లు చాలన్నాను. మెమరీ సంగతి చెప్పలేదు, వెతకడం తేలికని చెప్పాను, ఒప్పుకున్నాడు.

కర్నెల్ రాసేవాళ్లు తమ వైపు నుంచి చేస్తున్నది తక్కువేం కాదు. కర్నెల్ 2.4 వెర్షన్ రోజుల్లో ప్రతి ఇనోడ్‌లోనూ అన్ని ఫైల్‌సిస్టమ్‌ల సొంత వివరాలకూ కలిపి ఒకే యూనియన్ (ఉమ్మడి చోటు) ఉండేది, చిన్న ఫైల్‌సిస్టమ్ కూడా పెద్దదాని కొలతకే కుట్టించుకోవాలి. తర్వాత దాన్ని విడగొట్టారు. 2006లో థియోడర్ సో ‘ఇనోడ్ డైట్’ పేరుతో వరసగా ప్యాచ్‌లు రాసి ఇంకొంత కోశారు. కర్నెల్ 6.12లో తెరిచిన ఫైల్‌కి వాడే స్ట్రక్చర్ 232 బైట్ల నుంచి 184కి తగ్గింది. మొన్న డెబియన్ 13తో ఆ కర్నెల్ నాకూ వచ్చింది. నా దగ్గర ఒకేసారి తెరిచి ఉండేవి మూడు వేలు దాటవు, కాబట్టి నాకు మిగిలింది లక్షన్నర బైట్ల లోపే. లక్షల కనెక్షన్లు మోసే సర్వర్లున్నవాళ్ల పండగ అది.

ప్రెషర్ ఇప్పుడు మళ్లీ 100. నిన్న రాత్రి బ్యాకప్ అయ్యాక చూస్తే తిరిగి తీసుకోగల స్లాబ్ (డెంట్రీలు, ఇనోడ్లు ఉండే మెమరీ) 310 ఎంబీ, మిగతా క్యాష్ అంతా ఫోటోలే. “ఇంకో 4 జీబీ వేయిద్దామా” అని బావ దసరాకి అడిగాడు. ముందు ఆ డిస్క్ మార్చు బావా అన్నాను, ఎనిమిదేళ్ల నుంచి తిరుగుతోంది పాపం.