గోవాలో ప్రైవేట్ యాట్: బెజవాడ నుంచి వెళ్ళే ఫ్యామిలీలు ముందే చూసుకోవాల్సినవి

గోవా ట్రిప్‌లో పంజిమ్ దగ్గర మాండోవి నది మీద ఒక ప్రైవేట్ యాట్‌ని, అంటే మనకోసమే మాట్లాడుకునే విహార బోటుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. అమ్మానాన్న, బాబాయి వాళ్ళు, అన్నయ్య పిల్లలు, అందరం కలిసి. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. అందులో మూడు, ఎక్కడానికి వారం ముందే యాట్ వాళ్ళు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలకి.

పెద్దవాళ్ళెవరు, మోకాళ్ళ నొప్పులున్నాయా, పిల్లల బరువెంత, ఘాట్ రోడ్డులో బస్సెక్కితే ఎవరికి వాంతులవుతాయి, ఇవన్నీ వాళ్ళే అడిగారు. బాబాయి మాత్రం "భవానీ ఐలాండ్ బోటు ఎన్నిసార్లు ఎక్కలేదు, దీనికింత హడావిడి ఏంట్రా" అన్నాడు. అక్కడ ప్రకాశం బ్యారేజీ ఆపిన నీళ్ళు, చెరువులా కదలకుండా ఉంటాయి. మాండోవి అలా కాదు, అగ్వాడా కోట దాకా బానే ఉంటుంది గానీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటల మీద అలలు లేస్తాయి, బోటు పక్కకి ఊగడం మొదలైతే అలవాటు లేనివాళ్ళకి పొట్టలో తిప్పేస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి పెరుగుతుంది కాబట్టి పొద్దున స్లాటే తీసుకోమని కూడా వాళ్ళే చెప్పారు. సాయంత్రం సన్‌సెట్ ఫొటోలు బాగా వస్తాయి నిజమే, పెద్దవాళ్ళుంటే మాత్రం పొద్దునే మేలు.

పిల్లల బరువు అడిగింది లైఫ్ జాకెట్ సైజు కోసం. మన ఊళ్ళో ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, ఆ రోజు టీవీ చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. గోవాలో మా యాట్ కెప్టెన్ మా చిన్నోడికి జాకెట్ తొడిగి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్ చెవుల దాకా లేచింది. వెంటనే విప్పేసి ఇంకో సైజు తెప్పించి, మళ్ళీ అలాగే లాగి, గడ్డం కిందే ఆగితేనే సరే అన్నాడు. మీరెక్కడ బోటెక్కినా పిల్లలకి ఇలాగే చూడండి, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

తిండి సంగతికొస్తే, పులిహోర లేకుండా మన ప్రయాణం ఉండదు కదా, అమ్మ అదే అంటే వాళ్ళు వద్దన్నారు. డెక్ మీద సోఫాలన్నీ తెలుపు, పసుపూ నూనే పడితే మరకలు పోవు, క్లీనింగ్ చార్జీ వేస్తారు. ఆవకాయ, గోంగూర కూడా రూమ్‌లోనే ఉంచేశాం. పొద్దున ఇడ్లీ రెండేసి తిని, బోటులోకి దద్దోజనం ఐస్ బాక్సులో పెట్టుకుని, అరటిపళ్ళు, మజ్జిగ పట్టుకెళ్ళాం. ఖాళీ కడుపుతో ఎక్కినా కష్టమే, నిండా తిన్నా కష్టమే.

వాంతుల టాబ్లెట్ బెజవాడలోనే మన డాక్టరుగారిని అడిగి తీసుకెళ్ళండి. మాకు అవోమిన్ రాశారు, ఎక్కడానికి గంటా రెండు గంటల ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. మత్తుగా ఉంటుంది. నాన్న బీపీ మందులు వాడతారు కాబట్టి ఆయన సంగతి విడిగా అడిగాం.

టోపీలు, కాటన్ ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు బీసెంట్ రోడ్డులో కొన్నాం, గడ్డం కింద తాడున్న టోపీయే కొనండి, లేకపోతే గాలికి నీళ్ళలో పడుతుంది. నీళ్ళ మీద ఎండ పైనుంచీ కిందనుంచీ కొడుతుంది, బెజవాడ ఎండలు చూసినవాళ్ళం అనుకుని సన్‌స్క్రీన్ మానేయొద్దు, ఎస్‌పీఎఫ్ 50 ఉన్నది గంటన్నరకో రెండు గంటలకో మళ్ళీ రాసుకోవాలి. చెప్పులు జెట్టీ దగ్గరే విప్పించేస్తారు. చక్రాల సూట్‌కేసులు తేవొద్దు, మెత్తటి బ్యాగు అయితే సీటు కింద దూరుతుంది.

అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాళ్ళు దిగిన రోజే యాట్ పెట్టుకోకండి, పెద్దవాళ్ళకి ఒక రాత్రి నిద్ర పడనివ్వండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకి సముద్రం వైపు ట్రిప్పులు చాలావరకు ఆపేస్తారు, సెలవులు దాన్ని బట్టి చూసుకోండి.

అడ్వాన్స్ కట్టేముందు బోటు రిజిస్ట్రేషన్ పేపరు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. గోవాలో అది చూసేది కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ అనే ప్రభుత్వ ఆఫీసు. మాకు అడగ్గానే పంపారు. డీజిల్, జీఎస్టీ రేటులో కలిసే ఉన్నాయా, వాతావరణం బాగోక ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, తారీఖు మారుస్తారా, ఇవి కూడా మెసేజ్‌లో రాయించుకోండి.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఇన్ని అడిగినవాళ్ళు బాత్రూమ్ కింద క్యాబిన్‌లో ఉంటుందనీ, దానికి మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయనీ చెప్పలేదు. బోటు ఊగుతుంటే నాన్న దిగలేకపోయారు, అన్నయ్య ముందు, బోటు కుర్రాడొకడు వెనక నిలబడి దింపాల్సి వచ్చింది. ఆ తర్వాత నాన్న మజ్జిగ కూడా ముట్టలేదు, మళ్ళీ దిగాల్సి వస్తుందని. మోకాళ్ళ సంగతి ముందే అడిగారు కాబట్టి ఇది వాళ్ళు చెప్పి తీరాల్సింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బాత్రూమ్ మెట్ల ఫొటో కూడా అడగండి, వీలైతే డెక్ లెవెల్‌లోనే బాత్రూమ్ ఉన్న బోటు ఇమ్మనండి.