లండన్ లీ నది మీద పడవ ఇంట్లో పదిహేను నెలలు: మా నేరోబోట్ రివ్యూ

పడవ ఇల్లు కొనాలని చూస్తున్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఒక్కటే, జులైలో చూసి కొనకండి, ఫిబ్రవరిలో చూసి కొనండి. మేం 2023 జులైలో ఒక ఆదివారం సాయంత్రం బ్రాక్స్‌బోర్న్ దగ్గర గట్టుకు కట్టేసి ఉన్న పడవ ఎక్కాం. కిటికీలోంచి హంసలు కనిపించాయి, రాత్రి తొమ్మిదైనా ఇంకా వెలుతురుంది, వారం తిరిగేలోపు అడ్వాన్స్ ఇచ్చేశాం. కొన్నందుకు విచారం లేదు. ఇప్పటికీ మా ఆయన, నేను ఇందులోనే ఉంటున్నాం. కానీ ఆ సాయంత్రం మాకు తెలియనివి చాలా ఉన్నాయి, వాటిలో ముప్పాతిక వంతు చలికాలానివే. అందుకే ఇక్కడ వేసవి సంగతులు తక్కువ, చలి సంగతులు ఎక్కువ ఉంటాయి.

ముందు పడవ గురించి. పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇంగ్లండ్ మధ్య ప్రాంతాల్లో రెండొందల ఏళ్ల కిందట తవ్విన కాలువల మీద లాకులు ఏడడుగుల వెడల్పే ఉంటాయి, అందుకే నేరోబోట్లకు ఈ సన్నటి కొలత. పొడవు 57 దాటకపోతే దేశంలో కాలువలున్న దాదాపు ప్రతి చోటికీ వెళ్లొచ్చు. లోపల రైలు పెట్టెలా అన్నీ వరసగా ఉంటాయి. ముందు బొగ్గు పొయ్యి ఉన్న గది, తర్వాత వంటిల్లు, స్నానాల గది, మంచం, చివర్లో ఇంజిన్. ఇద్దరం ఎదురుపడితే ఒకరు పక్కకు తిరిగి నిలబడాల్సిందే. 1998లో కట్టిన ఉక్కు పడవ ఇది. అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది 4 అని అమ్మేవాళ్లు చెబుతారు, అవి పడవ కట్టినప్పటి అంకెలు. ఇప్పుడు ఎంత మిగిలిందన్నది మీరు తేల్చుకోవాలి. పడవను నీళ్లలోంచి పైకి తీయించి సర్వేయర్‌తో అడుగంతా కొలిపించండి. చాలా బీమా కంపెనీలు 4 మిల్లీమీటర్ల కన్నా పలచబడ్డ చోట ఒప్పుకోవు, మీద ఇంకో రేకు వెల్డింగ్ చేయించుకోవాలి, అది వేలల్లో ఖర్చు. మాది అన్ని చోట్లా 5 పైనే వచ్చింది. బ్యాటరీలు మాత్రం ఏడాది కిందట మార్చినవని అమ్మినాయన చెబితే నమ్మేశాం, నవంబర్ కల్లా నాలుగూ పోయాయి. బిల్లు చూపించమని అడగాల్సింది.

ఇక నది. లీ నది మీద పడవ దారి లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌లో మొదలై వేర్, బ్రాక్స్‌బోర్న్, ఎన్‌ఫీల్డ్, టాటెనమ్, హాక్నీ మీదుగా థేమ్స్ వైపు దిగుతుంది, మొత్తం 28 మైళ్లు. చూడటానికి మన డెల్టా కాలువలాగే ఉంటుంది, లాకులు, గట్లు, గట్టు మీద సైకిళ్లు. రాజమండ్రిలో పెరిగినదాన్ని కదా, మొదటిసారి చూసినప్పుడు ఇది నదా అనుకున్నాను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు, అలాంటి నీటిని చూసిన కళ్లకు లీ నది ఆనదు. మా అమ్మ ఫోన్‌లో మాత్రం వెంటనే అంది, "చిన్నదైనా ఏరు ఏరేనే, వానాకాలం వచ్చాక చెప్పు" అని. ఆ మాట ఎంత నిజమో జనవరిలో తెలిసింది.

మాకు సొంత రేవు లేదు. ఈ నదిని, దేశంలో చాలా కాలువలను కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూస్తుంది. రేవు లేనివాళ్లు ఒకే చోట 14 రోజులకు మించి ఉండకూడదు, కదులుతూ ఉండాలి, అదీ రెండు చోట్ల మధ్యే అటూ ఇటూ తిరిగితే కుదరదు. 2024 ఏప్రిల్ నుంచి మా లాంటివాళ్ల లైసెన్స్ మీద అదనపు రుసుము కూడా వేస్తున్నారు, అది ఏటా పెరిగి 25 శాతానికి చేరుతుంది, లెక్క వేసుకునేటప్పుడు మర్చిపోవద్దు. లండన్ ఉద్యోగులకు ఈ నది మంచిదని ఎందుకంటానంటే, హెర్ట్‌ఫర్డ్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్‌కు వెళ్లే రైలు దారి చాలా దూరం నది పక్కనే వస్తుంది. వేర్, రై హౌస్, బ్రాక్స్‌బోర్న్, చెషంట్, ఎన్‌ఫీల్డ్ లాక్, టాటెనమ్ హేల్, ఎక్కడ కట్టేసినా నడిచి వెళ్లేంత దూరంలో స్టేషన్ ఉంటుంది. రెండు వారాలకోసారి ఇల్లు మారుతుంది, ఆఫీసు మారదు.

ఇప్పుడు చలికాలం. అక్టోబర్ చివర్లో పొయ్యి వెలిగించాం, మళ్లీ ఏప్రిల్ దాకా అది ఆరితే ఇల్లు ఆరినట్టే. పొగ తక్కువ వచ్చే బొగ్గు వాడాలి, 20 కిలోల బస్తా గట్టి చలిలో మూడు రోజులకు అయిపోతుంది. బొగ్గు, డీజిల్, గ్యాస్ సిలిండర్లు అమ్మే పడవ ఒకటి నది మీద తిరుగుతూ ఉంటుంది, మన ఊళ్లో పాలవాడి కోసం చూసినట్టు దానికోసం చూస్తాం. రాత్రి పడుకునే ముందు పొయ్యి నిండా బొగ్గు వేసి గాలి తగ్గించి పెడితే తెల్లారేదాకా నిప్పు ఉంటుంది. ఈ పని చేతికి రావడానికి నాకు నెల పట్టింది, ఆ నెలలో చాలా రోజులు పొద్దున్నే నోట్లోంచి ఆవిరి కనిపించే చలిలో లేచాం. పొయ్యి ఉన్న గది వేడిగా, మంచం ఉన్న చివర చల్లగా ఉంటుంది, 57 అడుగుల్లో రెండు ఊళ్ల వాతావరణం.

ఒక విషయం బతిమాలి చెబుతున్నాను. పైకప్పులో గాలి పోయే గొట్టాలుంటాయి, చలికి వాటిలో గుడ్డలు కుక్కాలనిపిస్తుంది, ఎప్పుడూ ఆ పని చేయకండి. మూసిన పడవలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. 2019 ఏప్రిల్ నుంచి పడవల భద్రతా పరీక్షలో దీని అలారం తప్పనిసరి చేశారు. మేం రెండు పెట్టుకున్నాం, ఒకటి పొయ్యి గదిలో, ఒకటి మంచం దగ్గర.

చలి తర్వాత పెద్ద బాధ చెమ్మ. మనది ఆవిరి ఎక్కువ లేచే వంట కదా. అన్నం, పప్పు కుక్కర్, సాంబారు, అదంతా వెళ్లి ఉక్కు మీద, కిటికీ అద్దాల మీద నీళ్లుగా దిగుతుంది. మొదటి డిసెంబర్‌లో మంచం కింద పెట్టిన బియ్యం బస్తా అడుగు బూజు పట్టింది, పది కిలోలు పారబోశాం. ఇప్పుడు సరుకులన్నీ డబ్బాల్లో పెట్టి గోడకు తగలకుండా ఉంచుతున్నాం, వంట చేసినంతసేపూ కిటికీ ఒకటి తెరిచే ఉంటుంది. గ్యాస్ విషయానికొస్తే ప్రొపేన్ సిలిండరే తీసుకోండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, పొద్దున్నే కాఫీ లేనట్టే. ఇడ్లీ పిండి వేసవిలో కూడా లండన్ ఫ్లాట్‌లో సరిగ్గా పులిసేది కాదు, ఇక్కడ పొయ్యి పక్క చెక్క మీద పెడితే ఎనిమిది గంటల్లో పొంగి వస్తుంది. కరివేపాకు, పచ్చి మిరపకాయలు తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వెళ్లి తెచ్చుకుంటాం.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పైకప్పు మీద సోలార్ పలకలు మే నుంచి ఆగస్టు దాకా మా ఫ్రిజ్, లాప్‌టాప్‌లు, మిక్సీ అన్నిటికీ చాలతాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు పోతుంది, ఆ నెలలో వాటి నుంచి వచ్చేది దాదాపు ఏమీ లేదు. అప్పుడు ఇంజిన్ ఆడించి బ్యాటరీలు నింపుకోవాలి, అదీ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఆడించకూడదని నియమం. ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోండి.

2024 జనవరి 2న హెంక్ తుపాను వచ్చింది. మేం స్టాన్‌స్టెడ్ ఆబట్స్ దగ్గర ఉన్నాం. రోజంతా వాన, నీటి రంగు మారిపోయింది, గట్టు మీద మట్టి మెత్తబడింది. రాత్రి రెండున్నరకు మంచం మీద పక్కకు దొర్లినట్టయి మెలకువ వచ్చింది. వెనక తాడు కట్టిన ఇనుప గూటం మట్టిలోంచి ఊడిపోయింది, పడవ వెనక భాగం ప్రవాహానికి తిరిగి నది మధ్యకు పోతోంది, ముందు తాడు ఒక్కటే పట్టుకుని ఉంది. మా ఆయన ముందు నుంచి గట్టు మీదకు దూకాడు, నేను మధ్య తాడు విసిరాను, రెండోసారికి అందింది. ఇంజిన్ వేసి చుక్కాని పట్టుకుని మెల్లగా గట్టుకు తెచ్చాను. పక్క పడవలో ఉండే పెద్దాయన నైట్ డ్రెస్ మీదే టార్చ్, సుత్తి పట్టుకుని వచ్చి, తన దగ్గరున్న పొడవాటి గూటాలు రెండు ఏటవాలుగా దిగ్గొట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ గూటాలు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాయి, తిరిగిస్తే తీసుకోలేదు.

కాలువ మీద ఉండటానికీ నది మీద ఉండటానికీ తేడా ఇదే. కాలువలో నీరు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది, నదిలో రాత్రికి రాత్రే అడుగు లేస్తుంది. తాడు బిగించి కడితే లేచే నీటితో పడవ లేవలేక ఒరుగుతుంది, వదులుగా కడితే ప్రవాహం గుంజుతుంది. కొంచెం వదులు ఉంచి, ముందుకూ వెనక్కూ ఏటవాలుగా అదనపు తాళ్లు వేయాలి. లీ లోయలో 1947 వరదల తర్వాత వరద నీటి కోసం వేరే కాలువ తవ్వారు కాబట్టి ఇక్కడ కొంత నయం.

వాన తగ్గిన పది రోజులకు చలి గడ్డకట్టించింది. సంక్రాంతి పూట కిటికీలోంచి చూస్తే నది మీద మంచు పలక. పడవ కొంచెం కదిలితే ఆ పలక విరిగే చప్పుడు ఉక్కు పక్కల మీద గాజు గీసినట్టు వినిపిస్తుంది. మంచులో పడవ నడపకూడదు, కింద పూసిన తారు గీసుకుపోతుంది, మన పడవదే కాదు పక్క పడవలది కూడా. గట్టు మీద నీళ్ల కుళాయి గడ్డకట్టింది, మా ట్యాంకులో నీళ్లు అయిపోయాయి, నాలుగు రోజులు మా ఆయన సైకిల్ మీద క్యాన్లతో నీళ్లు తెచ్చాడు. అప్పటి నుంచి చలి హెచ్చరిక వినగానే ముందు ట్యాంక్ నింపుతాం. అయినా ఆ సంక్రాంతి నాకు చాలా ఇష్టమైన పండగ. భోగి మంట బదులు బొగ్గు పొయ్యి, దాని మీద గిన్నెలో కాగే పాలు, బయట తెల్లటి నది, చుట్టూ ఒక్క చప్పుడు లేదు.

టాయిలెట్ గురించి అందరూ అడుగుతారు. మాది కింద ఉండే డబ్బాను బయటికి తీసే రకం, ఇద్దరికి మూడు రోజులకోసారి తీసుకెళ్లి దానికోసం కట్టిన చోట పారబోసి కడగాలి. అలవాటవుతుంది. అలవాటు కాదనిపిస్తే ఈ జీవితం వద్దు.

వసంతం ఒక్క నెలలో అంతా మార్చేస్తుంది. నెత్తిన తెల్ల మచ్చ ఉండే నల్ల నీటికోడి మా చుక్కాని పక్కనే ప్లాస్టిక్ సంచులు, పుల్లలు పోగేసి గూడు పెట్టింది, పక్కనే ఒక పడవ ఆయన చెప్పడంతో ట్రస్ట్‌కు ఫోన్ చేసి అడిగి, పిల్లలు దిగేదాకా కదలకుండా ఉన్నాం. వేసవిలో ఉక్కు కాలి మధ్యాహ్నం లోపల ఉండలేం, చెట్టు నీడ చూసి కట్టుకోవాలి, అయితే నీడలో సోలార్ రాదు. హాక్నీ వైపు నీటి మీద చిన్న చిన్న ఆకులు పచ్చగా కమ్మేసి గడ్డి మైదానంలా కనిపిస్తుంది, కుక్కపిల్లలు నేలనుకుని దూకేస్తుంటాయి. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న సంచులు, తాళ్లు చేత్తో కోసి తీయాలి, దానికోసం ప్రొపెల్లర్ పైన పడవలో ఉండే మూత తెరిచే ముందు ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకోండి.

డబ్బు విషయం. ఈస్ట్ హామ్‌లో ఒక పడకగది ఫ్లాట్‌కు నెలకు 1,450 పౌండ్లు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు లైసెన్స్, బీమా, బొగ్గు, డీజిల్, గ్యాస్, రిపేర్లు అన్నీ కలిపి సగటున నెలకు 500 పైచిలుకు. కానీ పడవ కొనడానికి మామూలు ఇంటి లోన్ రాదు, మేం దాచుకున్నదంతా పెట్టాం. రెండు మూడేళ్లకోసారి పైకి తీయించి తారు పూయించాలి. ఇల్లు కొంటే విలువ పెరుగుతుంది, పడవ పాతబడుతుంది, ఇది పెట్టుబడి అనుకునేవాళ్లు రావద్దు.

చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే నేను వద్దనే చెబుతాను. ఇద్దరు ఉండి, ఇద్దరికీ పని పంచుకునే ఓపిక ఉంటే, ముందు ఫిబ్రవరిలో రెండు వారాలు అద్దెకు తీసుకుని ఉండి చూడండి. నీళ్లు, నిప్పు, కరెంటు ఎంత వాడుతున్నామో నాకు ఈ ఇంట్లోనే మొదటిసారి తెలిసింది, బియ్యం కడిగిన నీళ్లు కూడా ఇప్పుడు పైకప్పు మీది పుదీనా కుండీకే పోతాయి.

ఆదివారం కల్లా ఇక్కడ 14 రోజులు అయిపోతాయి. పొగగొట్టం శుభ్రం చేయించి, బొగ్గు పది బస్తాలు ఎక్కించుకుని, ఈసారి లీ నుంచి స్టార్ట్ నదిలోకి తిరిగి బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్ వైపు వెళ్తున్నాం. పెద్దాయన గూటాలు రెండూ తాడు చుట్టి ముందు పెట్టెలో పెట్టాను.