పాత పన్ను విధానమా, కొత్తదా? జీతగాళ్లకు ఏది మేలు?

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కొత్త విధానం శ్లాబులను (ఎంత ఆదాయానికి ఎంత శాతం పన్నో చెప్పే మెట్లను) మార్చడంతో పాత లెక్కలు చాలావరకు తిరగబడ్డాయి. పాతదాంట్లో అద్దె, బీమా, పొదుపులకు మినహాయింపులు ఉంటాయి, కొత్తదాంట్లో అవి దాదాపు ఉండవు, రేట్లు మాత్రం తక్కువ. ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, 60 ఏళ్లలోపు ఉద్యోగులవి.

ఏడాది జీతం 12.75 లక్షల లోపుండి, వేరే ఆదాయం లేనివాళ్లు ఆలోచించాల్సిన పనే లేదు, కొత్తదే. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ నేరుగా తీసేసే మొత్తం) పోగా మిగిలే 12 లక్షల మీద పడే 60,000 పన్ను మొత్తం రిబేటులో (పన్నులోంచి ఇచ్చే తగ్గింపులో) పోతుంది. పాత విధానంలో రిబేటు 5 లక్షల ఆదాయం వరకే.

ఒక్క జాగ్రత్త. షేర్ల లాభాలకు ఈ రిబేటు వర్తించదు. జీతం తాలూకు ఆదాయం 11 లక్షలు, షేర్లు ఏడాదిలోపే అమ్మిన లాభం లక్ష ఉందనుకోండి. జీతం మీద సున్నా పడినా, ఆ లక్ష మీద 20 శాతం, సెస్సుతో కలిపి 20,800 కట్టాలి.

అసలు లెక్క ఆ పైన మొదలవుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ కాక ఇంకెన్ని మినహాయింపులుంటే పాతది గెలుస్తుంది? 15 లక్షల జీతానికి 5,43,750 దాటాలి. 20 లక్షలకైతే 7.08 లక్షల పైమాటే. 24.75 లక్షల నుంచి 50 లక్షల జీతం దాకా 8 లక్షలు దాటాలి.

హైదరాబాద్‌లో 15 లక్షల జీతం, అందులో బేసిక్ 6 లక్షలు, ఇంటద్దె అలవెన్సు 2.4 లక్షలు, కట్టే అద్దె నెలకు 22,000 అనుకుందాం. వచ్చిన అలవెన్సు, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేస్తే మిగిలేది: ఈ మూడింట్లో ఏది తక్కువో దానికే మినహాయింపు. ఇక్కడ అది 2,04,000. (2025-26కి 50 శాతం లెక్క ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్‌కు 40 వేయాలి. చాలామంది పొరపడేది ఇక్కడే.) దీనికి 80సీ కింద (పీఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపులు) 1.5 లక్షలు, ఆరోగ్య బీమా 25,000, ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) 50,000, వృత్తి పన్ను 2,400 కలిపితే 4,31,400. అన్నీ వాడుకున్నా పాతదాంట్లో సెస్సుతో కలిపి పన్ను 1,22,803. కొత్తదాంట్లో ఏ కాగితమూ లేకుండా 97,500.

ఇదే ఉద్యోగికి విజయవాడలో అమ్మానాన్నలు ఉంటున్న సొంత ఇంటి మీద లోను ఉండి, ఏటా 2 లక్షల వడ్డీ కడుతుంటే కథ మారుతుంది. పాత విధానంలో పన్ను 79,269కి దిగుతుంది, 18,000 పైగా మిగులు. అంటే గృహరుణ వడ్డీ, అద్దె రెండూ గట్టిగా ఉన్నవాళ్లకే పాతది. 80సీ ఒక్కటి నమ్ముకుంటే ఎటూ చాలదు. మార్చిలో పన్ను కోసమని హడావిడిగా ఎండోమెంట్ పాలసీ (పొదుపుతో కలిసిన జీవిత బీమా) తీసుకుంటే పన్నూ తగ్గదు, ఏళ్ల తరబడి ప్రీమియం మాత్రం కట్టాలి. ముందు ఇప్పటికే ఉన్న ఖర్చులు కూడండి, హద్దు దాటకపోతే అక్కడితో వదిలేయండి.

కొత్తదాంట్లోనూ ఒక మంచి దారి ఉంది. కంపెనీ మీ పేరున ఎన్‌పీఎస్‌లో బేసిక్‌లో 14 శాతం వరకు వేస్తే దానికి మినహాయింపు దొరుకుతుంది. పై ఉదాహరణలో, 15 లక్షల జీతంలోంచే ఆ 84,000 సర్దమంటే పన్ను మరో 13,104 తగ్గుతుంది. డబ్బు చాలా ఏళ్లు చేతికి రాదు కాబట్టి ఈఎంఐల ఒత్తిడి ఉన్నవాళ్లు తొందరపడొద్దు.

ఏప్రిల్‌లో ఆఫీసుకు ఏదీ చెప్పకపోతే కొత్త విధానం ప్రకారమే టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. అయినా రిటర్ను వేసేటప్పుడు పాతదానికి మారొచ్చు, గడువు తేదీలోగా వేస్తేనే. ఒక్కరోజు దాటినా పాతది పోయినట్టే, అప్పటిదాకా దాచిన రసీదులు పనికిరావు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్, ఆరోగ్య బీమాకు పాలసీ నంబరు, ఇంటి లోనుకు ఖాతా నంబరు చేతిలో ఉంచుకోండి.

జీతం తీసుకునేవాళ్లు ఏటా అటూ ఇటూ మారొచ్చు. వ్యాపారం, కన్సల్టెన్సీ ఆదాయం ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాతదాంట్లోకి వెళ్లి ఒకసారి తిరిగి కొత్తదానికి వచ్చారంటే, ఆ ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ వెనక్కి వెళ్లలేరు. వాళ్లు ఒక్క ఏడాది లాభం చూసి కాక, లోను ఎన్నేళ్లుందో చూసి తేల్చుకోవాలి.