వాన కొలిచే గొట్టం: మెట్ట రైతు కొనొచ్చా?

మండలంలో 20 మి.మీ. వాన పడిందని ఫోనుకు మెసేజ్ వస్తుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో చూస్తే ఒక చేను తడిసి ఉంటుంది, గట్టు దాటితే దుమ్ము లేస్తుంది. మూడు నాలుగొందలకు దొరికే ప్లాస్టిక్ రెయిన్ గేజ్‌కి విలువ అక్కడే. కంది విత్తాలా, బెంగళూరు పనులకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవాలా అన్న లెక్క దీంతో కొంత తేలుతుంది.

గరాటు, కొలత గొట్టం, బయట డబ్బా, ఇంతే సరుకు. డబ్బా లేని రకం వద్దు. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఒక్క రాత్రిలో 100 మి.మీ. దాటొచ్చు. గొట్టం పొంగినా డబ్బాలో పడ్డ నీళ్లు మళ్లీ కొలిచి కలుపుకోవచ్చు.

చూరు పక్కన పెడితే అది చూరు నీళ్లే కొలుస్తుంది. చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గుంజకు నిటారుగా బిగించాలి. రోజూ పొద్దున 8:30కి, కంటికి సమానంగా పట్టుకుని, గొట్టంలో నీటి పైభాగం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి, ఆ వంపు అడుగు తాకే గీత చదవాలి. కొనకపోయినా నష్టం లేదు: 20 సెం.మీ. వెడల్పు గరాటు కింద సీసా పెడితే 314 మిల్లీలీటర్లకు 10 మి.మీ. వాన.

అసలు పని నోటుబుక్కుది. ఆరిన ఎర్రచల్కలో 15, 20 మి.మీ. పడితే పైన తడి మురిపిస్తుంది. విత్తితే మొలుస్తుంది, పది రోజులు వాన మొహం చాటేస్తే మాడుతుంది. విత్తనం, ట్రాక్టరు బాడుగ మట్టిలో కలిశాక వెళ్లే వలస వేరు. అప్పు తీరేదాకా ఊరికి రాలేరు. నాలుగైదు రోజుల్లో 50, 60 మి.మీ. దాటి, జానెడు లోతు మన్ను పిడికిట్లో ముద్దకడితే అది విత్తే పదును. ఆగస్టు చివరికీ ఆ అంకె పడలేదా, కంది ఆశ వదిలి, చేను సెప్టెంబరు ఉలవలకు ఉంచి, ఇంట్లో ఒకరు మాత్రమే పనికి వెళ్లడం నయం.

లోపాలూ ఉన్నాయి. గరాటులో ఆకు, సాలెగూడు అడ్డంపడితే అంకె తప్పుతుంది. ఎండకు గీతలు చెరిగిపోతాయి, కొన్నరోజే మేకుతో గీసుకోండి. వాతావరణ బీమాకు ఈ లెక్క చెల్లదు, అక్కడ ప్రభుత్వం నోటిఫై చేసిన వాతావరణ స్టేషన్ అంకెలే చూస్తారు.

ఈ గొట్టానికి మా మార్కులు ఐదుకు మూడున్నర. గీతలు నిలిచుంటే నాలుగు వేసేవాళ్లం.