బోరు వేయకముందు నీళ్లు ఉన్నట్టా, లేనట్టా?

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు క్వాంటం పాఠం (ఎలక్ట్రాన్‌లాంటి అతి చిన్న కణాల లెక్క) చెప్పిన ప్రతి ఏడూ చివర్లో ఇదే ప్రశ్న: “కోపెన్‌హేగన్, ఎవరెట్, బోమ్... వీటిలో ఏది నిజం సార్?” ఆ లెక్కకు అర్థమేమిటో చెప్పే మూడు వివరణలు అవి. పరీక్షకు ఏదైనా ఒకటే, మూడింటి లెక్కా ఒకే జవాబుకు వస్తుంది. వాళ్లడిగేది పరీక్ష గురించి కాదు.

మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఒక బోరు కథ ఉంటుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందని పాయింటు పెడతారు, ఆరువందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుంది. బండి రాకముందు అక్కడ నీళ్లున్నాయా? కోపెన్‌హేగన్ వివరణకు పెద్దదిక్కయిన నీల్స్ బోర్‌నడిగితే, బోరు వేయకుండా ఆ మాటే అడగొద్దంటాడు. సరే, బోరు వేయడమే కొలత అనుకుంటే, మరి ఆ కొలత ఎక్కడ పూర్తయినట్టు? రాడ్డు తడిసినప్పుడా, రైతు చూసినప్పుడా? దానికి తేటగా గీత గీయడు.

ఎవరెట్ (1957) లెక్కన నీళ్లు పడ్డ లోకం ఒకటి, దుమ్ము లేచిన లోకం ఒకటి. క్వాంటం తరంగం ఎలా మారుతుందో చెప్పే సమీకరణాన్ని మధ్యలో తెంచడు, అది అందమే. కానీ రెండూ జరిగేటప్పుడు “డెబ్బై శాతం పడతాయి” అంటే ఏమి? దీనికిచ్చిన సమాధానాలు నాకు గొంతు దిగలేదు.

బోమ్ (1952) కణం ఎప్పుడూ ఒక చోటే ఉందంటాడు, తరంగం దాన్ని నడిపిస్తుంది, మనకు తెలియదంతే. 1927లో ద బ్రాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎత్తుకుని వదిలేసిన దారే ఇది. స్పిన్ (కణానికుండే ఒక అయస్కాంతపు గుణం) లాంటివి మాత్రం కొలిచే ఏర్పాటును బట్టి తేలతాయి.

నిజమైన బోరుకైతే గొడవే లేదు, ఉంటే ఉన్నాయి. ఎలక్ట్రాన్‌కు ఆ మాట చెప్పాలంటే వెల చెల్లించాలి. జంట కణాలను చెరో ఊరికి పంపితే, కర్నూల్లో ఏ కొలత ఎంచుకున్నామన్నది కడప కణాన్ని అప్పటికప్పుడే తాకాలి (దాంతో కబురు పంపలేము). బోమ్ వివరణలో దీన్ని చూశాకే జాన్ బెల్ అనే శాస్త్రవేత్త తన సిద్ధాంతానికి వచ్చాడు, 1964లో. పక్కపక్కనే తాకే కారణాలతో మాత్రమే నడిచే ఏ వివరణా చాలదని తేల్చాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆస్పే 1982 ప్రయోగాలు, 2015లో లొసుగులు మూసిన ప్రయోగాలు ఆయన పక్షానే నిలిచాయి. 2022 నోబెల్ ఆ పనికే. అందుకే, బోమ్‌కు మచ్చ అన్నదే నాకు నిజాయితీగా కనిపిస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్షతతో దానికి ఇంకా పొసగలేదు, ఆ ముల్లు ఉంది.

అన్నట్టు, బోమ్ ఏళ్ల తరబడి సంభాషించిన జిడ్డు కృష్ణమూర్తిది మదనపల్లె, ఆయన పుట్టినప్పుడు అది కడప జిల్లా. అందుకని నాకు బోమ్ మీద పక్షపాతం అనుకునేరు!

ఇంకో రెండు వివరణలున్నాయి. జీఆర్‌డబ్ల్యూ (1986, ముగ్గురు శాస్త్రవేత్తల పేర్ల పొడి అక్షరాలు) తరంగం తనంతట తానే కూలుతుందంటుంది, ప్రయోగంతో పట్టుకోవచ్చు. క్యూబిజం (చిత్రకళలోది కాదు) అంతా మన నమ్మకాల లెక్కంటుంది. ఓపికుంటే చదవండి.